మేస్త్రి మాట, మెటీరియల్ లెక్క: నెల్లూరు, ప్రకాశం సైట్లలో లీన్ పద్ధతి పెట్టుకోవడం ఎలా?

నెల్లూరు పొదలకూరు రోడ్డులో గానీ, ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ ఒక అపార్ట్‌మెంట్ ఆలస్యమైతే వినిపించే కారణాలు మూడే. లేబర్ దొరకలేదు, మేస్త్రి మాట మీద నిలబడలేదు, వాన పడింది. మూడింట్లోనూ నిజం ఉంది. అయితే సైట్ డైరీని రోజువారీగా తిరగేస్తే ఎక్కువ రోజులు పోయింది మరోచోట అని తెలుస్తుంది. సెంట్రింగ్ వాళ్ళు లేచాక కమ్మీ కట్టేవాళ్ళు వచ్చేలోపు రెండు రోజులు, గోడలు లేచాక కరెంటు పైపులు పడేలోపు వారం, టైల్స్ మేస్త్రి వచ్చాక బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ కాలేదని తెలిసి ఇంకో నాలుగు రోజులు. పని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారేచోట పోయే ఈ రోజులు ఎవరి ఖాతాలోనూ పడవు. లీన్ పద్ధతి పట్టించుకునేది వీటినే.

ఈ ఆలోచన కార్ల ఫ్యాక్టరీలో పుట్టింది. జపాన్‌లో టొయోటా ఇంజినీరు తైచీ ఓనో, కొనేవాడికి పనికిరాని ప్రతి శ్రమనూ వృథా కింద లెక్కగట్టి దాన్ని ఏరివేసే పద్ధతి తయారు చేశాడు. కట్టడాల పనికి ఇది ఎలా పనికొస్తుందో 1992లో లౌరి కోస్కెలా ఒక నివేదికలో వివరించాడు. 1997లో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ కలిసి అమెరికాలో లీన్ కన్‌స్ట్రక్షన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. వాళ్ళు సైట్లలో లెక్క తీసినప్పుడు, ఈ వారం చేస్తామని రాసుకున్న పనుల్లో ఆ వారమే పూర్తయినవి సగటున 54 శాతం దగ్గర తేలాయి. అంత యంత్రాలు, అంత ప్లానింగ్ ఉన్నచోటే పరిస్థితి అదైతే, మన మేస్త్రిని ఒక్కడినే తిట్టడం న్యాయం కాదు.

కింద చెప్పేదంతా నాలుగైదు అంతస్తులు, ఇరవై పాతిక ఫ్లాట్లు ఉన్న సైటును దృష్టిలో పెట్టుకుని రాసింది. సొంత ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఐదో అడుగుతో పెద్దగా పని పడదు, మిగతావన్నీ పనికొస్తాయి.

మొదటి అడుగు: రెండు రోజులు ఊరికే చూడండి

ఏదీ మార్చకముందు ఒక నోటు పుస్తకం పట్టుకుని సైటులో ఒకచోట నిలబడండి. సైట్ ఆఫీసు రూములో కూర్చుంటే ఇది జరగదు. ప్రతి పావుగంటకు ఎంతమంది పని చేస్తున్నారో, ఎంతమంది దేనికోసం ఎదురుచూస్తున్నారో రాసుకోండి. అరుస్తూ తిరిగితే అందరూ కదులుతూ కనిపిస్తారు, మీకు అసలు లెక్క దొరకదు.

వృథాను ఏడు రకాలుగా చెబుతారు: ఎదురుచూడటం, అనవసరపు మోత, అక్కర్లేని తిరుగుడు, అవసరానికి మించిన స్టాకు, ముందే చేసిపెట్టడం, అక్కర్లేని పనితనం, తప్పు చేసి మళ్ళీ చేయడం. మన సైట్లలో వీటిలో రెండే పెద్దవి. ఒకటి ఎదురుచూడటం. ఆరుగురు మేస్త్రీలు, ఎనిమిది మంది కూలీలు ఇటుక లోడు కోసం రెండు గంటలు కూర్చుంటే 28 గంటలు పోయినట్టు, అంటే మూడున్నర మంది రోజు కూలి. రెండోది మోత. ఇసుక ట్రాక్టరు రోడ్డు మీద దించుతుంది, దాన్ని కాంపౌండ్ లోపలికి ఎత్తిపోస్తారు, పిల్లర్ గుంటకు అడ్డమని ఇంకో మూలకు తోస్తారు, చివరికి మాలు కలిపే మిల్లరు దగ్గరికి తెస్తారు. ఒకే ఇసుకను నాలుగుసార్లు ఎత్తారు, గోడలో పడింది ఒక్కసారే.

ముందే చేసిపెట్టడం కూడా తప్పేనా అని చాలామంది అడుగుతారు. చీమకుర్తి నుంచి వంటగట్టు గ్రానైట్ చవకగా వచ్చిందని, ప్లాస్టరింగ్ కాకముందే డ్రాయింగు కొలతలకు కోయించేస్తారు. తీరా గోడ అరంగుళం లోపలికో బయటికో వస్తుంది. పలకను మళ్ళీ కోయాలి, లేదా సందులో సిమెంటు నింపాలి. గట్టు గోడలు లేచాక, అక్కడే కొలిచి ఆర్డరివ్వడమే నయం.

రెండో అడుగు: గృహప్రవేశం నుంచి వెనక్కి రండి

మామూలుగా ప్లాను పునాది నుంచి పైకి వేస్తాం. లీన్‌లో చివరి తేదీ నుంచి వెనక్కి వేస్తారు. ఒక గోడ మీద పెద్ద కాగితం అతికించి మేస్త్రీలందరినీ పిలవండి. సెంట్రింగ్, కమ్మీ, గోడలు, కరెంటు, ప్లంబింగ్, టైల్స్, పెయింటు... ఒక్కొక్కరికి ఒక్కో రంగు చీటీలు ఇవ్వండి. ఎవరి చీటీ వాళ్ళే రాయాలి. రాయడం రానివాళ్ళు చెబితే పక్కవాళ్ళు రాస్తారు. ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: "మీ పని మొదలవ్వాలంటే మీ ముందువాళ్ళు ఏం చేసి ఇవ్వాలి?"

ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో సగం మీకు కొత్తగా ఉంటాయి. సెప్టిక్ పైపుకు స్లాబులో కన్నం వదలాలని ప్లంబరుకు తెలుసు, సెంట్రింగ్ మేస్త్రికి ఎవరూ చెప్పి ఉండరు. ఆ కన్నం తర్వాత డ్రిల్లుతో కొట్టాల్సి వస్తే శబ్దం, దుమ్ము, తెగిన కమ్మీ, అన్నీ అదనం.

మన క్యాలెండరు కూడా అదే కాగితం మీదకు రావాలి. నెల్లూరు ప్రాంతంలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. తుఫాన్లూ అప్పుడే. కాబట్టి ఫుటింగ్ గుంటలు (పిల్లర్ల పునాది గుంటలు), ప్లింత్ బీములు (నేల మట్టం దగ్గర పిల్లర్లను కలిపేవి) అక్టోబరుకు ముందే మట్టంలోంచి బయటపడాలి. ప్రకాశంలో నల్లరేగడి ఉన్నచోట ఇది ఇంకా ముఖ్యం, వానలో ఆ గుంట పక్కలు నిలబడవు. నవంబరుకు లోపలి పనులు మిగిలేలా చూసుకోండి. ఎండాకాలంలో రోహిణి కార్తెలో మధ్యాహ్నం స్లాబు వేయకుండా తెల్లవారుజామునే మొదలుపెట్టేలా రాసుకోండి. సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు ఎప్పుడొస్తారో, వరికోతలప్పుడు కూలీలు ఎంతమంది మిగులుతారో మేస్త్రీలే చెబుతారు. ముహూర్తాలు, మూఢాల సంగతి ఇంటివాళ్ళు చెబుతారు. వాటిని మూఢనమ్మకమని పక్కన పెట్టేసిన ప్లాను మన దగ్గర నడవదు.

మూడో అడుగు: ఆరు వారాల ముందుచూపు

మొత్తం ప్లానులో ఏ అడుగు వదిలేసినా దీన్ని మాత్రం వదలొద్దు.

వచ్చే ఆరు వారాల పనులన్నీ ఒక పట్టీలో రాయండి. ప్రతి పనికి ఎదురుగా ఈ ప్రశ్నలు వేసుకోండి. డ్రాయింగు చేతికొచ్చిందా? మెటీరియల్ ఉందా? మనుషులున్నారా? మిషను ఉందా? నిలబడి పని చేయడానికి చోటు ఖాళీగా ఉందా? ముందు పని అయిపోయిందా? అనుమతులూ, వాతావరణమూ అనుకూలమేనా? ఇవి లీన్ పద్ధతిలో ఎప్పటినుంచో ఉన్న ఏడు షరతులే. మన సైట్ల కోసం ఎనిమిదోది నేను చేరుస్తాను: డబ్బు సర్దుబాటయిందా?

జవాబు "లేదు" అని వచ్చిన ప్రతిచోటా అడ్డంకి ఏమిటో, దాన్ని తీసే బాధ్యత ఎవరిదో, ఏ తేదీకో రాయాలి. "స్టీలు రావాలి" అని రాస్తే చాలదు. "16 ఎంఎం కమ్మీ ఆర్డరు, సైట్ ఇంజినీరు, ఈ నెల 12" అని రాయాలి. పేరు లేని అడ్డంకి ఎవరి మీదా ఉండదు, అది అక్కడే ఉంటుంది.

కొన్ని అడ్డంకులు మన ప్రాంతానివే. ముత్తుకూరు వైపు, తీరానికి దగ్గరగా బోరు నీళ్ళు ఉప్పగా ఉండొచ్చు. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణాల కోడ్ ఐఎస్ 456 ప్రకారం కమ్మీ ఉన్న కాంక్రీటులో వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. పరీక్ష చేయించి రిపోర్టు తెచ్చుకునే పని మొదటి ఫుటింగుకు చాలా ముందే ఈ పట్టీలో ఉండాలి. కనిగిరి, మార్కాపురం వైపు సమస్య వేరు, అక్కడ వేసవిలో క్యూరింగుకే (కాంక్రీటును తడిపి ఉంచడానికే) నీళ్ళు కష్టం. స్లాబు వేసే తేదీ పక్కనే ట్యాంకరు ఎవరు మాట్లాడతారో, గోనెపట్టాలు ఎన్ని కావాలో కూడా రాయండి. నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతుల్లో, కరెంటు కనెక్షన్‌లో, లిఫ్టు ఆర్డరులో మన చేతిలో లేని ఆలస్యం ఉంటుంది. వాటిని ఆరు వారాల పట్టీలో కాక మొదటి రోజే మొదలుపెట్టాలి.

అడ్డంకి తీరని పనిని వారం ప్లానులోకి రానీయకండి. పని ఎలాగో మొదలుపెట్టేద్దాం, మధ్యలో చూసుకుందాం అనే అలవాటే సైటును సగం సగం పనులతో నింపేది.

నాలుగో అడుగు: వారం మీటింగు

వారానికోసారి, ముప్పావుగంట మించకుండా, కూలి బట్వాడా ఇచ్చే ముందు మీటింగు పెట్టండి. బట్వాడా అయ్యాక పెడితే ఎవరూ ఉండరు. కుర్చీల్లో అక్కర్లేదు, ఆ చీటీల గోడ దగ్గరే నిలబడి మాట్లాడుకోవచ్చు. లాస్ట్ ప్లానర్ అని ఈ పద్ధతికి పేరు. రేపు ఎవరు ఎక్కడ పని చేయాలో చివరగా తేల్చే మనిషి చేతే మాట ఇప్పించడం దీని పని. మన సైటులో ఆ మనిషి మేస్త్రి.

సంభాషణ ఇలా నడవాలి:

"రెండో అంతస్తు ప్లాస్టరింగ్ బుధవారానికి అయిపోద్దా మేస్త్రీ?"
"అయిపోద్ది సార్."
"203లో కరెంటు పైపులు ఇంకా పడలేదు గదా?"
"అవును గదా... అయితే 203 వదిలేసి మిగతా నాలుగూ బుధవారానికి ఇస్తా సార్. 203 సంగతి కరెంటాయన చెప్పాల."

ఆ రెండో జవాబు కోసమే మీటింగు. మొదటి "అయిపోద్ది" మర్యాద కోసం చెప్పింది. "కుదరదు" అనే హక్కు మేస్త్రికి ఉండాలి, అన్నందుకు ఎవరూ ముఖం మాడ్చుకోకూడదు. ఓనరు మీటింగులో కూర్చుని మొదటి "కుదరదు"కే విసుక్కుంటే, రెండో వారం నుంచి అందరూ "అయిపోద్ది" అనే అంటారు. నన్నడిగితే మొదటి నెల ఓనర్ని ఈ మీటింగుకు పిలవకపోవడమే మేలు.

తర్వాతి వారం లెక్క చూడండి. ఇరవై మాటలు ఇచ్చి పదకొండు నిలబడితే 55 శాతం. సగం అయినా, ముప్పాతిక అయినా "కాలేదు" కిందే రాయాలి. తొంభై శాతం అయింది అనే మాట టైల్స్ మేస్త్రికి దేనికీ పనికిరాదు, అతనికి గది ఖాళీగా దొరకాలి. పూర్తికాని ప్రతిదానికీ కారణం ఒక్క ముక్కలో రాయండి: మెటీరియల్, ముందు పని, మనుషులు, డ్రాయింగు, వాన, డబ్బు. నాలుగు వారాల కారణాలు ఒకచోట చేర్చి చూస్తే "లేబర్ దొరకలేదు" అనేది మనం అనుకున్నంత పైన ఉండకపోవచ్చు. ముందు పని కాకపోవడం, మెటీరియల్ రాకపోవడం దాన్ని దాటేయడం నేను చాలాసార్లు చూశాను.

ఒక హెచ్చరిక. ఈ శాతాన్ని మేస్త్రి మీద కర్రలా వాడితే అది అబద్ధాల లెక్క అవుతుంది. తేలికైన మాటలే ఇచ్చి వందకు వంద తెచ్చుకుంటారు.

ఐదో అడుగు: అంతస్తు చొప్పున కాక, ఫ్లాటు చొప్పున

పెళ్ళిలో బంతి మొత్తం లేచేదాకా రెండో బంతి కూర్చోదు. ముందే తినేసినవాడి విస్తరి ముందు చోటు ఊరికే ఉంటుంది, ఆకలితో ఉన్నవాడు బయట నిలబడి ఉంటాడు. మన అపార్ట్‌మెంట్లలో పనులు అచ్చం ఇలాగే నడుస్తాయి. అంతస్తంతా గోడలు లేచాకే కరెంటు, అంతస్తంతా కరెంటు అయ్యాకే ప్లాస్టరింగ్.

లెక్క వేసి చూడండి. అంతస్తుకు ఐదు ఫ్లాట్లు. గోడలు, కరెంటు పైపులు, ప్లాస్టరింగ్, ప్లంబింగ్, టైల్స్, పెయింటు అని ఆరు పనులు. ఒక్కో ఫ్లాటుకు ఒక్కో పని నాలుగు రోజులు అనుకుందాం. అంతస్తు మొత్తం అయ్యాకే అప్పగిస్తే ఒక్కో పనికి 20 రోజులు, ఆరింటికి 120 రోజులు. ఒక్కో ఫ్లాటు అవ్వగానే తర్వాతివాళ్ళకు అప్పగిస్తే మొదటి ఫ్లాటు ఆరు పనులకు 24 రోజులు, ఆ తర్వాత ప్రతి నాలుగు రోజులకూ ఒక ఫ్లాటు చొప్పున మొత్తం 40 రోజులు. ప్లాస్టరింగ్ తర్వాత ఏడు రోజుల క్యూరింగు కలిపినా 47. మనిషిని పెంచలేదు, ఎవరి వేగమూ పెంచలేదు.

కాగితం మీద ఉన్నంత నున్నగా ఇది సైటులో సాగదు. గోడలకు ఆరు రోజులు పట్టొచ్చు, కరెంటుకు రెండే పట్టొచ్చు. గోడల మేస్త్రికి ఇంకో జత మనుషుల్ని కలిపి నాలుగుకు తీసుకురండి. కరెంటాయన ప్రతి నాలుగు రోజుల్లో రెండు రోజులు వచ్చి, మిగతా రెండు రోజులు ఇంకో సైటుకు వెళ్ళేలా ముందే ఒప్పుకోండి. ఎలాగూ వెళ్తాడు, చెప్పి వెళ్తే తిరిగొచ్చే రోజు మనకు తెలుస్తుంది. ప్రతి రెండు పనుల మధ్యా ఒక ఫ్లాటు ఖాళీగా వదలడం మంచిది. ఒకరు ఒకరోజు వెనకబడినా వెనకున్న అందరూ ఆగిపోరు.

తొందర గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. స్లాబు కింద జాకీలు ముందుగా పీకేయడం లీన్ కాదు, ప్రమాదం. ఐఎస్ 456:2000 ప్రకారం మామూలు ఓపీసీ (ఏమీ కలపని పోర్ట్‌లాండ్) సిమెంటుకు 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబు జాకీలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీముల కింద 6 మీటర్ల లోపైతే 14, దాటితే 21 రోజులు. మనం ఎక్కువగా వాడే పీపీసీకి (బూడిద కలిసిన సిమెంటుకు) ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలి, ఎంతో స్ట్రక్చరల్ ఇంజినీర్ని అడగండి. క్యూరింగూ అంతే. వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు, పీపీసీ లాంటి బ్లెండెడ్ సిమెంటుకు 14 రోజులు పెట్టమని అదే కోడ్ చెబుతుంది. కాంక్రీటు గట్టిపడటానికి తీసుకునే కాలం వృథా కాదు, దాన్ని ప్లానులో పనిగానే రాయాలి.

ఆరో అడుగు: మెటీరియల్

టొయోటాలో సరుకు అవసరమైన గంటకే వస్తుంది. ఆ మాట యథాతథంగా తెచ్చి నవంబరు నెల్లూరులో పెడితే మునిగిపోతాం. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ దెబ్బతిని లారీలు ఆగిపోయాయి. అందుకే స్టాకు విషయంలో నా మాట ఇది: వానాకాలంలో ఎక్కువ, మిగతా కాలంలో తక్కువ, రెండు కాలాల్లోనూ లెక్కతో.

సిమెంటుకు గీత పద్ధతి పెట్టుకోండి. రోజుకు ఎన్ని బస్తాలు వాడుతున్నారో, ఆర్డరిచ్చాక లోడు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో చూడండి. రోజుకు 30 బస్తాలు, రావడానికి 3 రోజులైతే 90, దానికి ఒకరోజు భద్రత కలిపి 120. వరుసలో 120వ బస్తా దగ్గర గోడ మీద ఎర్ర గీత గీయండి. నిల్వ ఆ గీతకు దిగగానే వాచ్‌మన్ అయినా ఫోన్ చేసి చెప్పాలి. దీనికి కంప్యూటరు అక్కర్లేదు. బస్తాలు చెక్కల మీద, గోడకు ఆనకుండా, పది వరుసలకు మించకుండా పేర్చాలి, ముందొచ్చినవి ముందు వాడాలి. తేమ గాలికి మూడు నెలలు నిలవున్న సిమెంటు బలం తగ్గుతుంది.

కమ్మీలో వృథా కోతలో ఉంటుంది. కడ్డీ పొడవు 12 మీటర్లు. 3.5 మీటర్ల ముక్కలే కోస్తూ పోతే మూడు వస్తాయి, 1.5 మీటర్లు మిగులుతుంది. 12 ఎంఎం కమ్మీ అయితే వంద కడ్డీలకు దాదాపు 133 కిలోల తుక్కు. అదే డ్రాయింగులో 5 మీటర్ల ముక్క కూడా కావాల్సి ఉంటే, రెండు 3.5లు, ఒక 5 కలిపి కోస్తే ఏమీ మిగలదు. కోయడానికి ముందు బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ పొడవు ముక్కలు ఎన్ని కావాలో రాసే పట్టీ) వేసి, ఏ ముక్కతో ఏ ముక్క జత కుదురుతుందో ఒక సాయంత్రం కూర్చుని చూస్తే చాలు.

ఇసుక, కంకర దించే చోటును ముందే సున్నంతో గీసి ఉంచండి, డ్రైవరు ఇష్టానికి వదలొద్దు. పనిముట్లు ఎక్కడివక్కడ పెట్టడం, నడిచే దారి ఖాళీగా ఉంచడం గురించి ఫైవ్ ఎస్ అని పెద్ద పోస్టర్లు అమ్ముతారు. పోస్టరు లేకపోయినా రోజూ సాయంత్రం పావుగంట శుభ్రం చేయించండి.

ఏడో అడుగు: అప్పగించేటప్పుడే చూసుకోవడం

ప్రతి పని చివర, తర్వాతి మేస్త్రి వచ్చి చూసి "తీసుకున్నాను" అని సంతకం పెట్టాలి. ఇంజినీరు సంతకం తర్వాత. ప్లాస్టరింగ్ మేస్త్రి గోడ తూకం (నిటారుగా ఉందో లేదో) చూసి ఒప్పుకున్నాక, గోడ వంకరగా ఉంది అందుకే సిమెంటు ఎక్కువ పట్టింది అనే మాట మళ్ళీ రాదు. మొదట ఒక ఫ్లాటును పూర్తిగా, తీరిగ్గా చేసి చూడటం చాలా లాభం. స్విచ్ బోర్డు ఎత్తు, గీజరు పాయింటు, బాత్రూం వాలు, అన్ని తప్పులూ ఆ ఒక్కదానిలో బయటపడితే మిగతా ఇరవై నాలుగు బతుకుతాయి.

తప్పు దొరికితే "ఎందుకు" అని ఐదుసార్లు అడగమంటారు. బాత్రూం కింద చెమ్మ వచ్చింది, ఎందుకు? పైపు చుట్టూ కారింది. ఎందుకు? వాటర్‌ప్రూఫింగ్ తర్వాత అక్కడ కొట్టారు. ఎందుకు? పైపు స్థానం మారింది. ఎందుకు? కమోడు మోడల్ ఆలస్యంగా ఖరారైంది. ఎందుకు? ఇంటివాళ్ళను ఏ తేదీలోపు ఎంచుకోవాలో ఎవరూ అడగలేదు. ఇక్కడ ప్లంబర్ని మార్చినా లాభం లేదు. కమోడు, టైల్స్ ఎంపిక తేదీని మూడో అడుగులోని పట్టీలో చేర్చాలి.

ఎనిమిదో అడుగు: డబ్బు, ఒప్పందం

చదరపు అడుగు రేటు మీద లేబర్ కాంట్రాక్టు ఇస్తే మేస్త్రికి ఎక్కువ చదరపు అడుగులు చేసేయడమే లాభం. మీ సైటులో తేలికైన భాగం చేసి, మూలలు, సన్‌షేడ్లు వదిలేసి ఇంకో సైటు అడ్వాన్సు తీసుకుంటాడు. అతని కోణంలో అది తెలివైన పనే. అందుకని బిల్లును ఫ్లాటుకు కట్టండి: తర్వాతి మేస్త్రి సంతకం పెట్టిన ఫ్లాటుకే డబ్బు, కానీ సంతకం పడిన వారమే డబ్బు. రెండో సగం మీ వైపు మాట. అది ఒక్కసారి తప్పినా, వారం మీటింగులో మీరు అడిగే మాటలకు విలువ ఉండదు.

వాన వల్లో, మెటీరియల్ రాకపోవడం వల్లో మనుషులు ఖాళీగా ఉంటే ఆ కూలి ఎవరిదో కూడా ఒప్పందంలో రాసుకోండి. ఖాళీ కూలిలో కొంత తన మీద పడుతుందని తెలిసిన ఓనరు ఎర్ర గీత దగ్గర ఫోన్ ఎత్తుతాడు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టాల్సిన పని లేదు. నడుస్తున్న సైటయితే నాలుగో అడుగుతో మొదలుపెట్టండి, రెండో వారం నుంచి మూడో అడుగు పట్టీ దానంతటదే అవసరమవుతుంది. ఫ్లాటు చొప్పున పని నడపడం ఒకే అంతస్తులో ముందు చేసి చూడండి, పై అంతస్తుకు మేస్త్రీలే అడుగుతారో లేదో గమనించండి. అడగకపోతే ఎక్కడ ఇబ్బంది పడ్డారో వాళ్ళనే అడిగి, ఆ తర్వాతే పైకి వెళ్ళండి.